పన్నెండు నిమిషాల అక్క

అక్క ఇంటి గుమ్మం ముందు, కాలింగ్ బెల్ మీద వేలు పెట్టి, నొక్కాలా వద్దా అని తటపటాయిస్తున్న మనిషిని అలాగే నిలబెట్టేసి పోయిన వారం మనం మన పనుల్లో పడిపోయాం. పాపం, ఏడు రోజులుగా ఆ వేలు అక్కడే ఉంది. కొత్తగా వచ్చిన పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పి, దాన్ని విడిపిద్దాం.

ఆ మనిషిని లోకం గిలిగింత అంటుంది. ఒక మైకు, ఒక స్టూలు, ఒక నీళ్ళ సీసా పెట్టుకుని, ఊరూరా తిరిగి, గంటన్నరసేపు ఒక్కడే నిలబడి జనాన్ని నవ్వించడం అతని వృత్తి. మధ్యమధ్య సినిమాల్లో చిన్నా చితకా వేషాలు: హీరో పక్కన స్నేహితుడు, దొంగని వదిలేసి తనే జైల్లో ఇరుక్కునే కానిస్టేబులు. ఇప్పుడు నలభై ఒకటో ఏట ఒక నిర్మాత, అతని ఆటలో అన్నిటికన్నా పేరున్న ముక్కని సినిమాగా తీస్తానన్నాడు. హీరో కూడా నువ్వేనన్నాడు. ఆ ముక్క పేరు 'మా అక్క'. పన్నెండు నిమిషాలు ఉంటుంది. అమ్మ పోయిన రోజు, అమ్మ ఎదురుగా కూర్చుని అక్క పగలబడి నవ్వడం దాని కథ. తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాడు. ఆరేళ్ళ కిందట అక్క ఫోన్ చేసి, అది మానెయ్‌రా అని అడిగింది. సరేనని మాటిచ్చి, మర్నాటి ఆటలోనే మళ్ళీ చెప్పాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

నిర్మాత లాయరు ఒక్కటే మెలిక పెట్టాడు. బతికున్న మనిషి కథ కాబట్టి ఆ మనిషి సంతకం కావాలి. సాయంత్రం ఆరింటికి అక్క ఉండే ఊళ్ళోనే ఆట, నిర్మాత కూడా చూడ్డానికి వస్తున్నాడు. అందుకని మధ్యాహ్నం మూడున్నరకి, కాగితం ఫైల్లో పెట్టుకుని, రెండంతస్తులు ఎక్కి వచ్చాడు. అదీ సంగతి.

అతను బెల్ నొక్కేలోపే ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఉతికిన బట్టల బకెట్టు పట్టుకుని ఒక పెద్దావిడ బయటికొచ్చింది. అతన్ని చూసి ఆగింది. ఇంకోసారి చూసి బకెట్టు కింద పెట్టింది.

“మీరు ఆ నవ్వించే ఆయన కదూ?”

ఇలాంటి ప్రశ్నకి అతని ముఖం తనంతట తనే జవాబు చెబుతుంది. కనుబొమలు పైకి లేస్తాయి, పెదవి ఒక పక్కకి జారుతుంది. పదిహేనేళ్ళ అలవాటు.

“ఆయన్నేనండీ.”

“ఇంటిల్లిపాదీ చూస్తాం మీవి. ముఖ్యంగా ఆ అక్కది. మా ఆయనైతే అన్నం తింటూ చూసి పొలమారి చచ్చేంత పనయింది.” ఆవిడ చేతులు తిప్పుతూ, గొంతు మార్చి, అచ్చం అతనిలాగే అంది: “అక్క నవ్విందంటే, ఎవరో పోయారన్నమాటే.”

ఆ ముక్కలో చివరి మాట అది. ఆటోల వెనకాల రాయించుకున్నారు, టీ కప్పుల మీద అచ్చేయించుకున్నారు. ఆ మాట దగ్గర హాల్లో నవ్వు పదకొండు సెకన్లు నిలుస్తుంది. గడియారం పెట్టి మరీ చూసుకున్నాడు. కానీ ఇక్కడ, మూసిన ఈ తలుపుకి మూరెడు దూరంలో అదే మాట వినేసరికి వీపు మీద చన్నీళ్ళు కుమ్మరించినట్టయింది.

“కాస్త మెల్లిగా అండీ,” అన్నాడు.

“అవునూ, మీకీ ఇంట్లో పనేంటి? ఇక్కడ లెక్కల టీచరుగారుంటారు. మంచి మనిషే. కానీ ఆవిడని నవ్వించడం మీ తరం కూడా కాదు. నాలుగేళ్ళుగా ఎదురెదురుగా ఉంటున్నాం, ఆవిడ పలువరస ఎలా ఉంటుందో నేనింతవరకు చూడలేదు.”

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఎంతసేపట్నుంచి ఆ వెనకాల నిలబడి ఉందో ఏమో, అక్క చెయ్యి ఇంకా గడియ మీదే ఉంది.

“మా తమ్ముడు,” అంది ఎదురింటావిడతో. అంతే అంది.

ఆవిడ అక్కని చూసింది, తమ్ముణ్ణి చూసింది, మళ్ళీ అక్కని చూసింది. లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. డాబా మీదికి బయల్దేరిన మనిషి, తడిబట్టల బకెట్టు ఎత్తుకుని, ఇంకేం మాట్లాడకుండా లోపలికెళ్ళి తలుపేసుకుంది.

“రా,” అంది అక్క.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన పెద్ద బల్ల, దాని మీద అచ్చు కాగితాల దొంతర, ఒక ఎర్ర కలం, ఒక నీలం కలం. బావ కుర్చీలోంచి లేచి, రావయ్యా అని, తన కుర్చీ అతనికిచ్చి తను కిటికీ గట్టు మీద కూర్చున్నాడు. బావ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపడతాడు. వారంలో మంగళవారం ఒక్కటే అతనికి సెలవు, ఇవాళ అదే. మాట్లాడేటప్పుడు కూడా అద్దం పగులుతుందేమో అన్నట్టు జాగ్రత్తగా మాట్లాడతాడు.

“సన్నబడ్డావు,” అంది అక్క.

“తిరుగుడు కదక్కా.” అతను బల్ల వైపు చూశాడు. “బడికి వెళ్ళలేదా ఇవాళ?”

“మానేసి రెండేళ్ళయింది. పాఠ్యపుస్తకాల వాళ్ళకి తప్పులు దిద్దిపెడుతున్నాను.”

ఆ సంగతి అతనికి తెలీదు. సొంత అక్క, ఇరవై మూడేళ్ళు చేసిన ఉద్యోగం మానేస్తే తెలీదు. మొన్న ఒక ఇంటర్వ్యూలో 'మా అక్క ఇప్పటికీ పిల్లలకి లెక్కలు చెబుతూనే ఉంది' అని గొప్పగా చెప్పొచ్చాడు కూడా.

“ఎందుకు మానేశావు?” అని అడిగాడు. అడుగుతున్నప్పుడే, జవాబు తన వైపు తిరిగి వస్తుందని ఎక్కడో అనిపించింది.

అక్క కోపంగా చెప్పలేదు. బడిలో ఏ తరగతిలో ఎంతమంది అని చెప్పినట్టు చెప్పింది.

“ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. భిన్నాలంటే ఏడ్చేది. ఒకరోజు బోర్డు దగ్గరికొచ్చి ఎవరి సాయం లేకుండా లెక్క చేసింది. సంతోషమేసి నవ్వాను. వెనక బెంచీలోంచి ఎవరో, 'టీచర్, ఎవరు పోయారు?' అన్నారు. క్లాసంతా నవ్వింది. బోర్డు దగ్గరున్న పిల్ల కూడా నవ్వింది. వాళ్ళ తప్పేం లేదు. గిలిగింత మా తమ్ముడేనని నేనే చెప్పుకున్నాను, మొదట్లో, గర్వంగా. మర్నాడు ఇంకో క్లాసు. నెల తిరిగేసరికి స్టాఫ్ రూములో కూడా అదే. హెడ్ మిస్ట్రెస్ పిలిచి, 'కొన్నాళ్ళు నవ్వకుండా ఉండండి, అదే సద్దుమణుగుతుంది' అన్నారు. ఉండి చూశాను. నవ్వకుండా పాఠం చెప్పడం నాకు రాలేదు.”

మౌనం అంటే అతనికి భయం. హాల్లో మూడు సెకన్లు మౌనం వస్తే ఏదో ఒకటి విసిరేయాల్సిందే, అది వృత్తి నేర్పిన గుణం. నోరు దానంతటదే కదిలింది.

“పోన్లే అక్కా. నవ్వే లెక్కల టీచరుకి ఎక్కడైనా విలువుంటుందా?”

బావ కిటికీలోంచి బయటికి చూశాడు. అక్క అతని వైపే చూస్తోంది. ఆ మాట నేల మీద పడి, ఎవరూ తియ్యని వస్తువులా అక్కడే ఉండిపోయింది. అతని చెవులు వేడెక్కాయి. ఎన్నో హాళ్ళలో ఎన్నో జోకులు పేలలేదు గానీ, ఒక్కటీ ఇంత కంపు కొట్టలేదు.

“పని మీద వచ్చావు,” అంది అక్క. “ఆరింటికి ఆట ఉందని పోస్టర్లు చూశాను. చెప్పు.”

అతను చెప్పాడు. సినిమా గురించి, నిర్మాత గురించి, హీరో వేషం గురించి. అక్క పాత్రకి మంచి నటిని చూస్తున్నారని, చాలా గౌరవంగా తీస్తారని చెప్పాడు. ఫైల్లోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మొదటి వరస నుంచి, వేలు పెట్టి, ఒక్కో మాటా. చివరి పేరా దగ్గర వేలు ఆగింది. ఎర్ర కలం తీసి ఒక అక్షరం చుట్టూ సున్నా చుట్టింది.

“ధృవీకరిస్తున్నాను అని రాశారు. వట్రుసుడి కాదు. రావత్తు, కొమ్ము. ధ్రువీకరిస్తున్నాను.” పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో సరిచేసింది. తర్వాత ఆ వాక్యం మొత్తం పైకి చదివింది. “'సదరు సంఘటన వేదికపై చెప్పబడిన విధంగానే యథార్థముగా జరిగినదని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను.' ఇది చదివే తెచ్చావా?”

“లాయరు రాశాడక్కా. మామూలుగా అందరికీ అలాగే రాస్తారట.”

“రాసింది లాయరు. తెచ్చింది నువ్వు.”

అతను ఖాళీ ఫైలు మూశాడు.

“ఇరవై మూడేళ్ళలో తెలిసి తెలిసి ఒక తప్పు లెక్క కింద టిక్కు పెట్టలేదు నేను,” అంది అక్క. “అందుకని అడుగుతున్నాను. ఆ రోజు ఏం జరిగిందో ఒకసారి చెప్పు. వేదిక మీద చెప్పినట్టు కాదు. మామూలుగా చెప్పు.”

“నువ్వే చెప్పక్కా,” అన్నాడు.

అక్క కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“నీకు పదకొండేళ్ళు, నాకు పంతొమ్మిది. ముందు గదిలో అమ్మని పడుకోబెట్టారు. చుట్టూ జనం. నువ్వు నా పక్కనే, నా మోకాలికి ఆనుకుని కూర్చున్నావు. పెదమామయ్య వచ్చాడు. అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి, 'చెల్లీ, నన్ను వదిలి' అన్నాడు. అక్కడ ఎక్కిళ్ళు వచ్చాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. 'నన్ను వది' దాకా వచ్చేసరికి మళ్ళీ ఎక్కిలి. అలా నాలుగుసార్లు. ఇంతవరకూ నువ్వు వేదిక మీద చెప్పేదీ ఇదే.”

అవును, ఇంతవరకూ ఇదే. మామయ్య ఎక్కిళ్ళని అతను ఎంత బాగా అనుకరిస్తాడంటే, ఆ ఒక్క ఎక్కిలి చూసే నిర్మాత సినిమా తీస్తానన్నాడు.

“ఐదోసారి ఎక్కిలి రాగానే ఒక నవ్వు వినిపించింది. చిన్నపిల్లాడి నవ్వు. కిసుక్కుమని కాదు, కడుపులోంచి వచ్చిన నవ్వు. జనం తలలు తిరిగాయి. గోడ పక్కన నాన్న ఉన్నాడు. ఆయన ముఖం చూశాను. అప్పటికి మూడు రాత్రులు ఆయనకి నిద్ర లేదు. ఆయన చెయ్యి లేవడం చూశాను. నీ తల నా ఒళ్ళోకి నొక్కేసి, నేను నవ్వాను. గట్టిగా. నీ నవ్వు వినపడకుండా పోయేంత గట్టిగా. మొదట్లో కావాలని నవ్వాను. తర్వాత ఆపుదామంటే ఆగలేదు.”

బావ నేల వైపు చూస్తున్నాడు. ఈ కథ అతనికి కొత్త కాదని ఆ చూపులోనే తెలుస్తోంది.

“నాన్న నన్ను బయటికి పొమ్మన్నాడు. మెట్ల మీద కూర్చున్నాను. నువ్వు వేదిక మీద, 'అక్కడ కూడా నవ్వుతూనే ఉంది' అంటావు. అమ్మని తీసుకెళ్ళేదాకా నన్ను లోపలికి రానివ్వలేదు. చివరిసారి అందరూ ముఖం చూశారు. నువ్వు కూడా చూశావు. నేను చూడలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు నాన్న నాతో నేరుగా మాట్లాడలేదు. నీతో చెప్పించేవాడు. 'మీ అక్కని భోజనం పెట్టమను. మీ అక్కని దీపం ఆర్పమను.' ”

ఆ గొంతు అతనికి ఇప్పటికీ గుర్తుంది. నాన్న ఒక గదిలో, అక్క ఒక గదిలో, మధ్యలో తను. ఆ కబుర్లు మోసింది తనే. మోస్తున్నప్పుడల్లా, నాన్నా అది నేను అని ఒక్క మాట అనాలని నాలుక చివరి దాకా వచ్చేది. నాన్న ముఖం చూడగానే ఆ మాట వెనక్కి వెళ్ళిపోయేది. చివరికి నాన్న కూడా పోయాడు, ఆ మాట వినకుండానే.

“ఆరేళ్ళ కిందట మానెయ్ అని అడిగినప్పుడు, ఎందుకక్కా అని అడుగుతావనుకున్నాను. అడగలేదు. అప్పట్నుంచి ఒక్కటే అనుమానం నాకు.” అక్క ముందుకి వంగింది. “నీకు గుర్తుందా, లేదా? చిన్నవాడివి. పిల్లల మనసు భరించలేనిది చెరిపేసుకుంటుందంటారు. నిజంగానే మర్చిపోయి, నేనే నవ్వానని నమ్మి చెబుతూ ఉంటే, నీ వరకు అది నిజమే. నీ మీద నాకేం కోపం ఉంటుంది? ఇప్పుడే సంతకం పెట్టేస్తాను. గుర్తుండి చెబుతూ ఉంటే మాత్రం, అది వేరే లెక్క. ఏది?”

ఇంతకన్నా తేలికైన ప్రశ్న అతని జీవితంలో ఎవరూ అడిగి ఉండరు. గుర్తుంది అనడానికి ఒక మాట. గుర్తులేదు అనడానికి ఒక మాట.

గుర్తుండకపోవడమా? తొమ్మిదేళ్ళ కిందటి ఆ సాయంత్రం అతని కళ్ళ ముందు మెదిలింది. రెండొందల కుర్చీల హాల్లో నలభై మంది. మొదటి అరగంటలో ఒక్క జోకూ పేలలేదు. ఎవరో లేచి వెళ్ళిపోతున్నారు. చెమటలు పడుతుంటే, ఏం మాట్లాడుతున్నాడో తనకే తెలీకుండా, మా అమ్మ పోయిన రోజు మా మామయ్యకి ఎక్కిళ్ళొచ్చాయి అని మొదలుపెట్టాడు. ఎక్కిలి పెట్టి చూపించాడు. ఎవరో నవ్వారు. ఊపిరి పోసినట్టయింది. “అప్పుడు నాకు నవ్వొచ్చింది,” అన్నాడు. హాలు చల్లబడిపోయింది. తల్లి శవం ముందు నవ్విన కొడుకుని ఆ నలభై మందీ ఎలా చూశారో అతను మర్చిపోలేడు. ఒక్క క్షణం. నాలుక మడతేశాడు. “నాకు కాదులెండి, మా అక్కకి.”

హాలు విరగబడి నవ్వింది.

ఆ ఒక్క మాట మార్చడంలో అతని బతుకంతా ఉంది. పేరు, ఊరూరా పోస్టర్లు, సినిమా వేషాలు, అన్నీ. ఆ రాత్రి గదికెళ్ళి అద్దం ముందు నిలబడి, రేపట్నుంచి ఇది చెప్పకూడదు అనుకున్నాడు. మర్నాడు ఇంకా బాగా చెప్పాడు.

ఇప్పుడు అక్క చూస్తోంది. పిల్లలు బోర్డు దగ్గర తడబడుతుంటే, తొందరేం లేదు అన్నట్టు చూసే చూపు అది. అతను ఆ చూపు తట్టుకోలేక బల్ల మీది కాగితాన్ని చూశాడు. ఆరింటికి ఆట. మొదటి వరసలో నిర్మాత. నలభై ఒక్కేళ్ళు. ఇంకోసారి ఎవరొస్తారు?

“నాకు గుర్తులేదక్కా,” అన్నాడు.

నటుడు కదా, బాగానే అన్నాడు. కనుబొమలు కొంచెం దగ్గరికి తెచ్చి, ఏదో వెతుక్కుంటున్నట్టు, దొరకనట్టు. ఇన్నేళ్ళలో ఏ సినిమాలోనూ అంత బాగా చెయ్యలేదు.

అక్క ఎర్ర కలం పక్కన పెట్టి, నీలం కలం తీసి సంతకం చేసింది. తేదీ వేసింది. సిరా ఆరేదాకా ఆగి, కాగితం మడత పడకుండా ఫైల్లో పెట్టి అతని చేతికిచ్చింది.

“టీ తాగి వెళ్ళు,” అంది.

“ఆలస్యమవుతుందక్కా. మైకు పరీక్ష చేసుకోవాలి.”

“అయితే సరే.”

కాళ్ళకి దణ్ణం పెడదామనిపించింది. దానికి కూడా మొహం చెల్లలేదు. బావ కిందిదాకా తోడొస్తానని చెప్పులేసుకున్నాడు.

కింద గేటు దగ్గర కారు ఉంది. డ్రైవరు లేచి తలుపు తీశాడు. బావ ఆ తలుపు మీద చెయ్యి వేసి, మెల్లిగా మూసేశాడు.

“నేను నీకు చెప్పకూడదు,” అన్నాడు. “చెప్పానని తెలిస్తే మీ అక్క బాధపడుతుంది. కానీ నువ్వు ఇలా వెళ్ళిపోతే నాకు ఇవాళ అన్నం సయించదు.”

“ఏంటి బావా?”

“హాస్టల్లో ఉన్నప్పుడు, నీకు పదహారేళ్ళప్పుడు, మీ అక్కకొక ఉత్తరం రాశావు.”

ఆ ఉత్తరం సంగతి అతను నిజంగానే మర్చిపోయాడు. బావ అన్న మరుక్షణం మాత్రం గీతల కాగితం, కారిపోయే కలం, పై మంచం మీద పడుకుని ఏడుస్తూ రాయడం, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి.

“మా పెళ్ళయిన కొత్తలో నాకు చూపించింది,” అన్నాడు బావ. “నాకు కంఠతా వచ్చు. 'అక్కా, ఆ రోజు నవ్వింది నేను. శిక్ష నాకు పడాల్సింది. నాన్నకి చెప్పడానికి ధైర్యం చాలడం లేదు. పెద్దయ్యాక అందరికీ చెబుతాను. ఒట్టు.' బీరువాలో, మీ అక్క సర్టిఫికెట్లతో పాటు ఉంది. నువ్వు సినిమా సంతకానికి వస్తున్నావని నిన్న నీ మేనేజరు ఫోన్ చేసింది కదా, అప్పట్నుంచి రెండుసార్లు తీసి చదువుకుంది.”

“అంటే, నేను అబద్ధం చెబుతున్నానని...”

“తెలుసు. నువ్వు నిజం చెబితే కూడా సంతకం పెట్టేది. నిన్న రాత్రే నాతో అంది. 'వాడు ఒక్కసారి నా ముఖం చూసి గుర్తుందక్కా అంటే చాలు, సినిమా తీసుకోనీ' అంది.”

ఇంకేం మిగల్లేదు. వీధిలో జనం పోతున్నారు, ఎవరో అతన్ని గుర్తుపట్టి దూరం నుంచే చెయ్యి ఊపారు. అతని ముఖం అలవాటు ప్రకారం కనుబొమలు ఎత్తబోయి, ఎత్తలేక, ఎటూ కాకుండా ఆగిపోయింది. పదిమందిలో బట్టలూడిపోయినట్టుంది. అందరికీ చెబుతానన్నాడు. చెప్పాడు కూడా. ఊరూరా తిరిగి, టిక్కెట్టు పెట్టి మరీ అందరికీ చెప్పాడు, తన నవ్వు తీసుకెళ్ళి అక్క నోట్లో పెట్టి.

వెనక్కి తిరిగి మెట్ల వైపు పరిగెత్తాడు. మొదటి అంతస్తు మలుపులోనే ఆగిపోవాల్సి వచ్చింది. అక్క ఎదురుగా దిగి వస్తోంది. తల దువ్వుకుంది, బయటికెళ్ళే బట్టలు కట్టుకుంది, భుజానికి సంచీ ఉంది.

“అక్కా, గుర్తుంది,” అన్నాడు. రొప్పుతున్నాడు. “అంతా గుర్తుంది. మొదట్నుంచీ గుర్తుంది.”

“మీ బావ చెప్పాడా?”

అతను తల దించుకున్నాడు.

“ఆయన చెప్పకముందు నువ్వు చెప్పి ఉంటే బావుండేది,” అంది అక్క.

అతను ఫైలు తెరిచి కాగితం బయటికి లాగాడు. చించబోతే అక్క చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

“చింపకు. ఎవరి బలవంతం మీదా పెట్టలేదు ఆ సంతకం. చింపేస్తే నీకు తేలికైపోతుంది. ఇంటికెళ్ళి, అక్క కోసం త్యాగం చేశానని పడుకుంటావు.”

“మరేం చెయ్యమంటావు? నువ్వు ఏం చెబితే అది చేస్తాను.”

“అది కూడా నేనే చెబితే, మళ్ళీ నేనే మోసినట్టవుతుంది. ముప్ఫై ఏళ్ళు మోశాను. ఓపిక లేదు.” అక్క అతన్ని తప్పించుకుని రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగింది. “టైమవుతోంది, పద. నీ ఆట నేనెప్పుడూ హాల్లో కూర్చుని చూడలేదు. ఇవాళ చూస్తాను.”

“అక్కా, ఇవాళ వద్దు.”

“ఇవాళే.”

బావ గేటు దగ్గర నిలబడి ఇద్దరినీ చూసి, ఏమీ అడక్కుండా ముందు సీట్లో కూర్చున్నాడు. అక్క, తమ్ముడు వెనక కూర్చున్నారు. మధ్యలో ఫైలు. చిన్నప్పుడు బస్సులో కిటికీ పక్కన చోటు అతనికే ఇచ్చేది అక్క. ఇవాళ కిటికీ పక్కన తనే కూర్చుని బయటికి చూస్తోంది. గోడల మీద అతని పోస్టర్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. ప్రతి దాంట్లోనూ అతను నోరు తెరిచి నవ్వుతున్నాడు. ఆ ముఖాన్ని అక్క పక్కన కూర్చుని చూడాల్సి రావడం ఎంత నరకమో అతనికి అప్పుడు తెలిసింది.

మనసులో ఆట క్రమం తిప్పి చూసుకున్నాడు. 'మా అక్క' చివర్లో వస్తుంది. గంటా పది నిమిషాల తర్వాత. ఈలోపు ఏదో ఒకటి ఆలోచించుకోవచ్చు. దాని బదులు ఇంకో ముక్క వెయ్యొచ్చు. గొంతు పట్టేసిందని చెప్పి ముందే ముగించెయ్యొచ్చు. గంటా పది నిమిషాలు, తక్కువేం కాదు.

ఫోన్ మోగింది. కారు స్పీకరుకి కలిపి ఉందన్న సంగతి అతను మర్చిపోయాడు. మేనేజరు గొంతు కారంతా నిండిపోయింది.

“సార్, ఎక్కడున్నారు? టిక్కెట్లన్నీ అమ్ముడైపోయాయి. నిర్మాతగారు వచ్చేశారు. సంతకం అయిందా?”

అతను స్పీకరు ఆపేలోపు ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది.

“ఒక చిన్న మార్పు సార్. ఆయన మూడు కెమెరాలు పెట్టించారు. సినిమా మొదటి ప్రకటనలో ఇవాళ్టి ఆటే చూపిస్తారట. చివరిదాకా ఆగలేను, 'మా అక్క'తోనే మొదలుపెట్టమనండి అన్నారు. సరేనన్నాను. మీరు స్టేజీ ఎక్కగానే మొదటి మాట అదే. సరేనా సార్? సార్, వినపడుతోందా?”

అతను ఫోన్ ఆపేశాడు.

అక్క కిటికీలోంచి తల తిప్పి, ముందుకి వంగి, డ్రైవరుతో అంది:

“కొంచెం త్వరగా పోనివ్వండి. మొదటి మాట తప్పిపోకూడదు.”